లింక్ నొక్కితే వీడియో కాల్: బ్రౌజర్‌లోకి కెమెరా ఎలా వచ్చింది?

ఈ రోజు టాపిక్ మీరు దాదాపు రోజూ వాడేదే, కానీ ఎప్పుడూ ఆగి ఆలోచించనిది. వాట్సాప్‌లో ఎవరో ఒక లింక్ పంపిస్తారు. నొక్కగానే బ్రౌజర్ ఓపెన్ అవుతుంది. కెమెరా, మైక్ వాడుకోవచ్చా అని ఒక చిన్న బాక్స్ అడుగుతుంది. ఓకే అంటారు. అంతే, అవతల ట్యూషన్ సారో, ఇంటర్వ్యూ చేసే హెచ్‌ఆరో, డల్లాస్‌లో ఉన్న అక్కో కనిపిస్తారు. యాప్ వేసుకోలేదు, అకౌంట్ తెరవలేదు, ఎవరికీ పైసా కట్టలేదు.

2010లో ఇది కుదరదు. అప్పటి బ్రౌజర్‌కి కెమెరా అంటే ఏంటో కూడా తెలీదు. ఆ తర్వాత పదేళ్లలో కొంతమంది డబ్బు పెట్టారు, కొంతమంది గట్టిగా కొట్టుకున్నారు, కొంతమంది చివరికి తగ్గారు. అదంతా ఎందుకు తెలుసుకోవాలంటే, మీ మొహం, మీ గొంతు ఎవరి చేతుల మీదుగా వెళ్తున్నాయో ఆ గొడవల్లోనే తేలింది. కొంత తేలకుండా కూడా మిగిలిపోయింది. అది చివర్లో చెప్తాను.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. వీడియో కాల్ అనే ఆలోచన కొత్తదేం కాదు. 1964లోనే అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీ న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో పిక్చర్‌ఫోన్ చూపించింది. 1992లో కార్నెల్ యూనివర్సిటీలో సీయూ-సీమీ అనే ప్రోగ్రామ్ తయారైంది. మామూలు మ్యాక్ కంప్యూటర్‌లో, ఇంటర్నెట్ మీద, బ్లాక్ అండ్ వైట్ వీడియో. 2003లో స్కైప్ వచ్చింది. మన ఇళ్లలో కూడా గుర్తుండే ఉంటుంది, అన్నయ్య అమెరికా వెళ్తే మానిటర్ మీద ఒక వెబ్‌క్యామ్ తగిలించి, యాహూ మెసెంజరో స్కైపో వేసి, అమ్మానాన్నల్ని కూర్చోబెట్టేవాళ్లు.

వాటన్నిటికీ ఒకటే రూల్. రెండు వైపులా అదే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉండాలి. స్కైప్ నుంచి యాహూకి కాల్ వెళ్లదు. ఎయిర్‌టెల్ సిమ్ వాళ్లు ఎయిర్‌టెల్ వాళ్లతోనే మాట్లాడాలంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అదీ పరిస్థితి.

మరి వెబ్‌సైట్‌లోనే వీడియో కావాలంటే? దానికి అప్పట్లో దిక్కు ఫ్లాష్. 2002లో వచ్చిన ఫ్లాష్ ప్లేయర్ 6కి కెమెరా, మైక్ వాడుకునే శక్తి వచ్చింది. కెనడాలో, ఒట్టావాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీలో 2007లో బిగ్‌బ్లూబటన్ అనే ప్రాజెక్ట్ మొదలైంది. ఆన్‌లైన్ క్లాసుల కోసం చేసిన ఓపెన్ సోర్స్ ప్లాట్‌ఫామ్ అది. స్లైడ్లు, చాట్, వైట్‌బోర్డ్, వీడియో అన్నీ ఒకే పేజీలో. ఒక పెద్ద నీలం బటన్ నొక్కినంత తేలిగ్గా క్లాస్ మొదలవ్వాలని ఆ పేరు. కానీ లోపల నడిపించేది ఫ్లాషే.

ఫ్లాష్‌తో చిక్కేంటంటే అది బ్రౌజర్‌లో భాగం కాదు. బయటి నుంచి తెచ్చి తగిలించే ప్లగిన్. దాని ఓనర్ అడోబీ. అడోబీ ఏం ఇస్తే అదే వాడుకోవాలి. ఐఫోన్‌లోకి యాపిల్ దాన్ని అసలు రానివ్వలేదు. 2010 ఏప్రిల్‌లో స్టీవ్ జాబ్స్ ఎందుకు రానివ్వట్లేదో ఒక బహిరంగ లేఖే రాశాడు. అంటే జనమంతా ఫోన్ల మీదకి వెళ్తున్నారు, వెబ్ వీడియో మాత్రం ఫోన్‌లో పనిచేయని ఒక ప్లగిన్ మీద కూర్చుంది. గూగుల్‌కి కూడా ఇదే తలనొప్పి. 2008 నవంబర్‌లో జీమెయిల్‌లో వీడియో చాట్ పెట్టారు, కానీ దానికీ ముందు ఒక ప్లగిన్ డౌన్‌లోడ్ చేసుకోవాలి.

అసలు బ్రౌజర్‌లోనే ఎందుకు పెట్టలేదు, అంత కష్టమా అని మీరు అడగొచ్చు. ఒక చిన్న లెక్క చూడండి. 720పీ వీడియో అంటే ఒక్కో ఫ్రేమ్‌లో 1280 ఇంటూ 720, అంటే 9,21,600 చుక్కలు. ఒక్కో చుక్కకి సగటున 12 బిట్లు, సెకనుకి 30 ఫ్రేములు. గుణిస్తే సెకనుకి దాదాపు 33 కోట్ల బిట్లు, అంటే 330 ఎంబీపీఎస్. మన ఫోన్ నెట్‌వర్క్‌లో అది వెళ్లే పని కాదు. దాన్ని ఒకటి, ఒకటిన్నర ఎంబీపీఎస్‌కి నొక్కి పంపాలి. అలా నొక్కి, అవతల మళ్లీ విప్పే దాన్నే కోడెక్ అంటారు. దీనికి తోడు స్పీకర్‌లోంచి వచ్చిన గొంతు మళ్లీ మైక్‌లోకి దూరి ఎకో రాకూడదు. మధ్యలో కొన్ని ప్యాకెట్లు పోయినా మాట తెగకూడదు. ఇవన్నీ బాగా తెలిసిన కంపెనీలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వాళ్లు లైసెన్స్‌కి డబ్బు తీసుకునేవాళ్లు.

ఇక్కడే గూగుల్ రెండు కొనుగోళ్లు చేసింది. 2010 ఫిబ్రవరిలో ఆన్2 అనే వీడియో కోడెక్ కంపెనీని సుమారు 12 కోట్ల డాలర్లకి కొన్నది. ఆ ఏడాది మే నెలలో గ్లోబల్ ఐపీ సొల్యూషన్స్ అనే కంపెనీని దాదాపు 7 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించింది. స్వీడన్ మూలాలున్న ఈ కంపెనీ స్పెషలిస్ట్ పని నెట్ మీద గొంతు క్లియర్‌గా వినిపించేలా చేయడం. స్కైప్ మొదట్లో వాడింది కూడా వీళ్ల టెక్నాలజీనే.

ఇప్పుడు 2011 మే నెల చూడండి. నెల మొదట్లో మైక్రోసాఫ్ట్ స్కైప్‌ని 850 కోట్ల డాలర్లకి కొంటున్నానని చెప్పింది. నెల చివర్లో గూగుల్ తన చేతిలో ఉన్న ఆడియో, వీడియో ఇంజిన్లని వెబ్‌ఆర్‌టీసీ అనే పేరుతో ఓపెన్ సోర్స్ చేసేసింది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, తమ బ్రౌజర్‌లో పెట్టుకోవచ్చు. ఒకే నెలలో ఒక కంపెనీ గోడ కొన్నది, ఇంకో కంపెనీ దారి తెరిచింది.

ఆగండి, గూగుల్ దానధర్మాలు చేస్తోందని నేను అనట్లేదు. గూగుల్ వ్యాపారం వెబ్ మీదే ఉంది. జనం వెబ్‌లో ఎంత ఎక్కువసేపు ఉంటే దానికి అంత లాభం. 2008లోనే క్రోమ్ తెచ్చుకుంది. వీడియో కాల్ కోసం జనం బ్రౌజర్ మూసి స్కైప్ తెరుస్తుంటే దానికి నష్టం. స్వార్థం ఉంది, కాదనట్లేదు. కానీ ఆ స్వార్థం వల్ల వచ్చిన కోడ్ అందరిదీ అయింది.

కోడ్ ఇస్తే సరిపోదు. క్రోమ్‌లో ఒకలా, ఫైర్‌ఫాక్స్‌లో ఇంకోలా ఉంటే మళ్లీ స్కైప్-యాహూ కథే. అందుకే రూల్స్ రాయాలి. ఆ పని రెండు సంస్థలు పంచుకున్నాయి. వెబ్‌సైట్ రాసేవాడు ఏ కమాండ్ వాడాలో డబ్ల్యూత్రీసీ చూసింది. వైరు మీద ప్యాకెట్లు ఎలా వెళ్లాలో ఐఈటీఎఫ్ చూసింది. ఐఈటీఎఫ్ గురించి ఒక్క ముక్క చెప్పాలి. ఇంటర్నెట్ రూల్స్ రాసే ఈ సంస్థలో మెంబర్‌షిప్ లేదు, ఓటింగ్ లేదు. ఎవరైనా వెళ్లొచ్చు. ఒక ప్రశ్న అడిగినప్పుడు హాల్లో ఉన్నవాళ్లు నోరు మూసుకునే 'మ్మ్...' అని హమ్ చేస్తారు. ఏ వైపు హమ్ గట్టిగా వినిపిస్తే మొగ్గు అటు ఉన్నట్టు. జోక్ కాదు, నిజంగానే.

2013 ఫిబ్రవరిలో క్రోమ్ నుంచి ఫైర్‌ఫాక్స్‌కి మొదటి వీడియో కాల్ వెళ్లింది. రెండు వేర్వేరు సంస్థల బ్రౌజర్లు, మధ్యలో ప్లగిన్ లేదు. ఇక అయిపోయింది అనుకున్నారు. అసలు గొడవ అక్కడ మొదలైంది.

ఏ వీడియో కోడెక్ తప్పనిసరి చేయాలి? గూగుల్, మొజిల్లా వైపు వీపీ8. అది ఆన్2 నుంచి వచ్చింది, ఫ్రీ. ఇంకో వైపు హెచ్.264. దాని వెనక సిస్కో, ఎరిక్‌సన్, మైక్రోసాఫ్ట్, యాపిల్ లాంటి పెద్ద కంపెనీలు. వాళ్ల వాదనలో బలం ఉంది. అప్పటికే ఫోన్ చిప్‌లలో, ఆఫీస్ కాన్ఫరెన్స్ మెషీన్లలో హెచ్.264 ఉంది, దాంతో బ్యాటరీ తక్కువ తింటుంది. కానీ దాని మీద పేటెంట్లు ఉన్నాయి, రాయల్టీ కట్టాలి. ఫైర్‌ఫాక్స్ లాంటి ఫ్రీ బ్రౌజర్ కోట్ల కాపీలకి రాయల్టీ ఎక్కడి నుంచి తెస్తుంది? రేపు హైదరాబాద్‌లో ఒక స్టూడెంట్ సొంతంగా బ్రౌజర్ చేస్తే వాడు ఎవరికి కట్టాలి? అటు వీపీ8 కూడా పూర్తిగా సేఫ్ కాదు. దాని మీద మాకు పేటెంట్లు ఉన్నాయి, లైసెన్స్ ఇవ్వం అని 2013 మార్చిలో నోకియా బాంబు వేసింది.

2013 అక్టోబర్ చివర్లో సిస్కో ఒక ఎత్తు వేసింది. హెచ్.264 కోడెక్‌ని మేమే రాసి ఓపెన్ సోర్స్ చేస్తాం, రెడీమేడ్ ఫైల్‌ని మా సర్వర్ నుంచి దించుకుంటే రాయల్టీ మేమే కడతాం అన్నది. మొజిల్లా దానికి ఒప్పుకుంది. కొన్ని రోజులకే వాంకోవర్‌లో ఐఈటీఎఫ్ మీటింగ్. హమ్ చేయించారు. రెండు వైపులా దాదాపు సమానంగా వినిపించింది. తేలలేదు. ఇంకో ఏడాది నలిగింది. 2014 నవంబర్‌లో హొనొలులు మీటింగ్‌లో రాజీకొచ్చారు. బ్రౌజర్ అన్నాక రెండు కోడెక్‌లూ ఉండాల్సిందే. ఎవరూ పూర్తిగా గెలవలేదు. మన ఊళ్లో పంచాయితీ తీర్పు లాగే, ఇద్దరికీ కొంచెం నొప్పి, ఇద్దరికీ కొంచెం న్యాయం.

ఇంకో నిర్ణయం పెద్దగా ఎవరూ మాట్లాడుకోరు గానీ, నా దృష్టిలో అదే అన్నిటికంటే పెద్దది. 2013 వేసవిలో, బెర్లిన్ మీటింగ్‌లో జరిగింది. వెబ్‌ఆర్‌టీసీలో వెళ్లే ప్రతి ఆడియో, వీడియో ప్యాకెట్ ఎన్‌క్రిప్ట్ అవ్వాల్సిందే. ఆఫ్ చేసే బటన్ ఉండదు. తాళంచెవిని వెబ్‌సైట్ సర్వర్ ద్వారా పంపించే పాత పద్ధతి పనికిరాదు, ఆ తాళంచెవి గురించి రెండు చివర్లూ నేరుగా మాట్లాడుకుని తేల్చుకోవాలి. అప్పటికి కొన్ని వారాల ముందే ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాలతో అమెరికా నిఘా సంగతి ప్రపంచమంతా మాట్లాడుకుంటోంది. పాత ల్యాండ్‌లైన్‌లో తీగ మీద ఎవడైనా చెవి పెట్టొచ్చు. బ్రౌజర్ కాల్‌లో దారిలో ఉన్నవాడికి చెత్త తప్ప ఏం వినిపించదు. ఇది కంపెనీలు దయతలచి ఇచ్చిన ఫీచర్ కాదు, రూల్‌లోనే రాసి పెట్టారు.

మైక్రోసాఫ్ట్ మొదట తనదైన వేరే డిజైన్ పెట్టింది, తర్వాత దారికొచ్చింది. యాపిల్ అందరికంటే ఆలస్యంగా, 2017లో సఫారీ 11తో చేరింది. అప్పటికి కోడ్ బయటికొచ్చి ఆరేళ్లు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. క్లాసులు, ఆఫీసులు, పెళ్లిచూపులు కూడా లింకుల మీదకి వచ్చేశాయి. తమాషా ఏంటంటే, అప్పటికి వెబ్‌ఆర్‌టీసీ స్టాండర్డ్‌కి అధికారికంగా ఫైనల్ ముద్ర పడలేదు. ప్రపంచం అంతా నడిచింది ఇంకా పూర్తవ్వని రూల్‌బుక్ మీద. ఆ ముద్ర 2021 జనవరి 26న పడింది. దానికి నెల కూడా ముందు కాదు, 2020 డిసెంబర్ 31న అడోబీ ఫ్లాష్‌కి సపోర్ట్ ఆపేసింది. బిగ్‌బ్లూబటన్ వాళ్లు ఫ్లాష్ మొత్తం తీసేసి వెబ్‌ఆర్‌టీసీతో తిరగ రాసుకున్నారు కాబట్టే బతికారు.

సరే, రూల్స్ అయిపోయాయి కదా, మరి ఇప్పుడు ఎవరైనా తమ ప్లాట్‌ఫామ్‌లో వీడియో కాల్ పెట్టేయొచ్చా? ఇక్కడ నా ఇంజినీర్ టోపీ పెట్టుకుంటాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక గ్రూప్ స్టడీ ప్లాట్‌ఫామ్‌లో పనిచేశాను. నలుగురు కలిసి ఒకే డాక్యుమెంట్‌లో రాసుకోవచ్చు, ఒకే వైట్‌బోర్డ్ మీద గీసుకోవచ్చు. దానికి వీడియో కూడా కలపాలన్నది మా టీమ్‌కి వచ్చిన పని. ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు ట్యాబ్‌ల మధ్య కాల్ ఒక్క రోజులో వచ్చేసింది. జావాస్క్రిప్ట్‌లో వంద లైన్లు కూడా ఉండవు. అసలు పని ఆ తర్వాతే ఉంటుంది, ఎందుకంటే స్టాండర్డ్ రాసినవాళ్లు మూడు పనులు ప్లాట్‌ఫామ్ వాళ్లకే వదిలేశారు.

మొదటిది పరిచయం. రెండు ఫోన్లు మాట్లాడుకోవాలంటే ముందు ఒకదాని వివరాలు ఇంకోదానికి చేరాలి. దీన్ని సిగ్నలింగ్ అంటారు. పెళ్లిళ్ల పేరయ్య పని. అబ్బాయి వివరాలు అమ్మాయి వాళ్లకి, అమ్మాయి వివరాలు అబ్బాయి వాళ్లకి చేరవేస్తాడు. సంబంధం కుదిరాక వాళ్లు వాళ్లు మాట్లాడుకుంటారు. ఈ పేరయ్య ఎలా పనిచేయాలో వెబ్‌ఆర్‌టీసీ చెప్పదు. ఎవరి పేరయ్యని వాళ్లే పెట్టుకోవాలి.

రెండోది దారి. ఇంటర్నెట్ పాత అడ్రస్ పద్ధతిలో ఉన్నవి సుమారు 430 కోట్ల అడ్రస్‌లే. అవి చాలవని 1990ల్లోనే తెలిసింది. అందుకని ఒక్క పబ్లిక్ అడ్రస్ వెనక చాలా మెషీన్లని దాచే నాట్ అనే సర్దుబాటు వచ్చింది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లాంటిది. లోపలి నుంచి మీరు బయటికి ఎవరికైనా ఫోన్ చేయొచ్చు, కానీ బయటి నుంచి ముక్కూమొహం తెలియనివాడు వస్తే గేటు దగ్గరే ఆపేస్తాడు. ఇద్దరూ చెరో అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఎవరు ఎవరిని కలుస్తారు? దీనికి స్టన్ అనే సర్వర్ ఉంటుంది. బయటి నుంచి చూస్తే మీ అడ్రస్ ఏంటో అది అద్దంలా చూపిస్తుంది. దాంతో చాలా కాల్స్ నేరుగా కలుస్తాయి. అప్పటికీ కలవకపోతే టర్న్ సర్వర్. ఇది కొరియర్. ఇటు నుంచి మొత్తం వీడియో తీసుకుని అటు ఇస్తుంది. మన మొబైల్ నెట్‌వర్క్‌లలో ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక బోలెడంతమంది ఉండటం మామూలే, కాబట్టి ఈ కొరియర్ లేకుండా నమ్మకమైన సర్వీస్ ఇవ్వలేం. ఆ బ్యాండ్‌విడ్త్ బిల్లు ఎవరిది? ప్లాట్‌ఫామ్‌ది. కాల్ ఫ్రీ, కొరియర్ ఫ్రీ కాదు.

మూడోది గుంపు. ఇద్దరైతే ఒకటే కనెక్షన్. నలుగురైతే ఆరు. పదిమందైతే నలభై ఐదు. ప్రతి ఫోన్ తన వీడియోని తొమ్మిది కాపీలు పంపాలి. ఒక్కోటి అర ఎంబీపీఎస్ అనుకున్నా నాలుగున్నర ఎంబీపీఎస్ అప్‌లోడ్. మా టెస్ట్‌లో ఆరుగురు చేరేసరికే పాత ఆండ్రాయిడ్ ఫోన్లు ఇస్త్రీపెట్టెలా కాలిపోయేవి. అందుకని మధ్యలో ఒక సర్వర్ పెడతారు. మీరు ఒక్క కాపీ దానికి పంపితే అది మిగతా తొమ్మిదిమందికి పంచుతుంది. ఎస్‌ఎఫ్‌యూ అంటారు. ఈ దారిని ఓపెన్ సోర్స్‌లో అందరికీ తెచ్చినవాళ్లలో జిట్సీ ముఖ్యమైనది. 2003లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ యూనివర్సిటీలో ఎమిల్ ఇవోవ్ అనే స్టూడెంట్ ప్రాజెక్ట్‌గా మొదలైంది. ఈ రోజుకీ ఎవరైనా దించుకుని సొంత సర్వర్ మీద నడుపుకోవచ్చు. చిన్న కాలేజీ అయినా సరే, తన క్లాసులు తన దగ్గరే పెట్టుకోవచ్చన్నమాట.

ఇప్పుడు మొదట్లో అన్న మాటకి వద్దాం. ఎన్‌క్రిప్షన్ రెండు చివర్ల మధ్య అని చెప్పాను కదా. ఇద్దరు నేరుగా మాట్లాడుకుంటే ఆ రెండు చివర్లూ మీ ఇద్దరి ఫోన్లే. మధ్యలో టర్న్ కొరియర్ ఉన్నా వాడికి కవర్ తప్ప లోపలి ఉత్తరం కనిపించదు. కానీ గ్రూప్ కాల్‌లో మీ ఫోన్‌కి అవతలి చివర ఆ పంచే సర్వర్. అక్కడ తాళం తెరుచుకుంటుంది, మళ్లీ వేసి అందరికీ వెళ్తుంది. అంటే దారిలో దొంగ చూడలేడు, కానీ సర్వర్ నడిపేవాడు తలుచుకుంటే చూడగలడు. 2020లో దీనికి మందు రావడం మొదలైంది. సర్వర్‌కి కూడా తెరవడం రాకుండా బ్రౌజర్‌లోనే ఇంకో తాళం వేసే పద్ధతి క్రోమ్‌లోకి వచ్చింది, దాన్ని వాడి జిట్సీ చూపించింది. కానీ అది ఇంకా అన్ని చోట్లా డిఫాల్ట్ కాదు. చాలా ప్లాట్‌ఫామ్‌లలో మీరే వెతికి ఆన్ చేయాలి, కొన్నిటిలో అసలు ఉండదు.

ఇదేదో ఇంజినీర్ల గొడవ అనుకోకండి. 2019 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ-సంజీవని మొదలైంది. పల్లెటూరి హెల్త్ సెంటర్‌లో కూర్చుని ఎక్కడో ఉన్న డాక్టర్‌తో వీడియోలో మాట్లాడే సర్వీస్. వీడియో కాల్ అంటే ఇప్పుడు మీ నాన్నగారి బీపీ రిపోర్ట్, మీ చెల్లి కౌన్సెలింగ్, మీ జీతం మాట్లాడుకునే ఇంటర్వ్యూ. అలాంటి మాటల మధ్యలో ఎవరు కూర్చున్నారో అడిగే హక్కు మనకి ఉంది.

కాబట్టి రెండు పనులు చేయండి. బ్రౌజర్‌లో అడ్రస్ పక్కన ఉండే గుర్తు నొక్కి, ఏ సైట్‌కి కెమెరా పర్మిషన్ ఇచ్చారో ఒకసారి చూసుకోండి, అవసరం లేనివి తీసేయండి. రెండోది, మీరు ఎక్కువగా వాడే మీటింగ్ ప్లాట్‌ఫామ్ సెట్టింగ్స్‌లో ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో వెతకండి. సొంతంగా ప్లాట్‌ఫామ్ కట్టే బీటెక్ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే మీకు ఒక్క మాట. పేరయ్య, కొరియర్, పంచే సర్వర్, ఈ మూడూ మీ చేతిలోనే ఉంటాయి. స్టాండర్డ్ అక్కడిదాకా రాదు. యూజర్ నమ్మకం నిలబెట్టాల్సింది మీరే.

మీ సెట్టింగ్స్‌లో ఏం కనిపించిందో కామెంట్లో రాయండి, నేను చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.